గచ్చు మీద చెక్క నేల



ఈ రోజు మాట నేల గురించి. కాలి కింద ఉండే నేల గురించి. నేల గురించి చెప్పుకోవడానికి ఏముంది అనుకోకండి. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టేవాళ్ళు ఉన్నారు. అప్పడాలు వత్తేవాళ్ళు ఉన్నారు. బీడీలు చుట్టేవాళ్ళు ఉన్నారు. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకేదాకా వాళ్ళ పని ఆ నేల మీదే. అది చెమ్మగా ఉంటే సరుకు పాడు. చల్లగా ఉంటే ఒళ్ళు పాడు.

లంబసింగి పేరు వినే ఉంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లా, చింతపల్లి మండలం. కొండల మీది ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగిన రోజులు ఉన్నాయి. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట ఉంటే మనిషి కొర్రలా, అంటే కట్టెలా, బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. వానాకాలం వస్తే అదే కొండల్లో రోజుల తరబడి ముసురు. ఎండ మొహం కనబడదు.

ఆ కొండల్లో ఒక అక్క కథ ఇది. కుట్టుమిషనే ఆమె బతుకు. ఇంటి పక్కన ఒక గది. పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. ఇటుక గోడలు. ఆరేళ్ళ కిందట వేసిన సిమెంటు గచ్చు. గచ్చు వేసిన రోజున అత్త ఎంతో మురిసిపోయింది. "ఇంక పేడ అలికే పని లేదు" అంది.

ఒక ఏడు బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని పొదుపు సంఘానికి వచ్చింది. అక్క వాటాకి 40 జతలు. కత్తిరించిన గుడ్డని మూటలు కట్టి, గచ్చు మీద గోనెసంచి పరిచి, దాని మీద పెట్టింది. ఆగస్టు నెల. పది రోజులు ముసురు పట్టింది. పదకొండో రోజున అడుగు మూట విప్పితే ముక్క వాసన. గుడ్డ నిండా నల్లని చుక్కలు. బూజు పట్టేసింది. ఉతికినా పోలేదు. ఎండేసినా పోలేదు. 11 జతల గుడ్డ పనికి రాకుండా పోయింది. ఆ గుడ్డ డబ్బు ఆమె కుట్టుకూలిలోనే పట్టుకున్నారు. నెల రోజులు మిషను తొక్కితే చేతికి వచ్చింది సగమే.

అత్త అడిగింది. "కప్పు కారలేదు. తలుపు మూసే ఉంది. గచ్చు మీద చెమ్మ ఏటి? ఎలాగొచ్చినాది?"

మంచి ప్రశ్న. దీపం వత్తి చూడండి. నూనె ప్రమిదలో కింద ఉంటుంది. వత్తి కొస పైన ఉంటుంది. అయినా నూనె పైకి ఎక్కుతుంది. వత్తిలో కంటికి కనబడని సన్నని దారులు ఉన్నాయి. వాటిలోంచి ఎక్కుతుంది. సిమెంటు గచ్చు కూడా అంతే. చేత్తో తడిమితే రాయిలా గట్టిగా ఉంటుంది. కానీ లోపల సన్నని రంధ్రాలు ఉంటాయి. కింద నేల తడిగా ఉంటే ఆ తడి గచ్చులోకి ఎక్కుతుంది. పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. మీద మూట పెట్టారా, మూటలోకి ఎక్కుతుంది.

మరి చలి సంగతి? పొద్దున్నే గచ్చు మీద కాలు పెడితే జివ్వుమంటుంది. పక్కనే ఉన్న పీట మీద కాలు పెడితే అంత చల్లగా ఉండదు. రెండూ ఒకే గదిలో, ఒకే చలిలో ఉన్నాయి. అయినా తేడా ఎందుకు? పొయ్యి మీద కూరలో ఇనుప గరిటె వదిలేస్తే పిడి కాలుతుంది. చెక్క తెడ్డు వదిలేస్తే కాలదు. ఇనుము వేడిని తొందరగా పాకిస్తుంది. చెక్క పాకనివ్వదు. గచ్చు ఇనుమంత కాకపోయినా చెక్క కంటే చాలా తొందరగా వేడిని లాగేస్తుంది. కాలిలోని వేడి గచ్చులోకి పోతుంది. కాలు చల్లబడుతుంది. అక్కకి సాయంత్రానికి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కి మిషను తొక్కడం కష్టమయ్యేది.

ఆమె భర్త టైల్స్ వేయిద్దాం అన్నాడు. చూడడానికి బాగుంటాయి. కానీ చలి తగ్గదు. గచ్చు ఎంత చల్లనో టైల్సూ అంత చల్లనే. ఎదురింటి వదిన ప్లాస్టిక్ పట్టా పరిచెయ్యమంది. ఉత్త పట్టా పరిస్తే కింద చెమ్మ మగ్గుతుంది. దాని మీద నడిచీ నడిచీ చిరుగుతుంది. చలి ఎలాగూ పోదు. అప్పుడు వడ్రంగి బాబాయి ఒక మాట చెప్పాడు. "చెమ్మకి అడ్డం పట్టా వెయ్యి. చలికి అడ్డం థర్మాకోల్ వెయ్యి. ఆ రెండిటి మీదా చెక్క వెయ్యి. అప్పుడు నిలబడతాది."

డబ్బు ఖర్చయ్యే పని. సంఘంలో అప్పు అడగాలి. పని చెడితే అప్పు మిగులుతుంది, చెక్క కుళ్ళుతుంది. అందుకని అక్క తొందరపడలేదు. ముందు పరీక్ష చేసింది. ఆ పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పాలిథిన్ ముక్క తీసుకోవాలి. గచ్చు మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి పోకుండా అంటించాలి. ఒక పగలు, ఒక రాత్రి వదిలెయ్యాలి. మర్నాడు చూడాలి. ముక్క అడుగున నీటి బొట్లు ఉన్నా, గచ్చు నల్లబడినా, చెమ్మ కింది నుంచి వస్తున్నట్టు. ముక్క పైభాగాన బొట్లు ఉంటే అది గాలిలోని చెమ్మ. అక్క గదిలో అడుగునే బొట్లు కనిపించాయి. అత్తని పిలిచి చూపించింది. అత్త వేలితో బొట్టు తుడిచి, "అమ్మో, నేల చెమర్చినాది" అంది.

ఇక్కడ ఒక మాట. గచ్చు కొత్తగా వేసినదైతే ఆగాలి. గచ్చు ఎన్ని అంగుళాల మందం ఉంటే, ఆరడానికి సుమారు అన్ని నెలలు పడుతుందని లెక్క. నాలుగు అంగుళాల గచ్చుకి నాలుగు నెలలు. పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. ఇంకో మాట కూడా. మీలో ఎవరైనా కొత్తగా ఇల్లు కట్టుకుంటుంటే, గచ్చు వేసే ముందే తాపీ మేస్త్రీని అడగండి. కాంక్రీటు కింద మందపాటి పాలిథిన్ పట్టా పరవమనండి. ఆ రోజున అయ్యే ఖర్చు కొద్దిదే. తర్వాత ఈ తంటా అంతా ఉండదు. అడిగేవాళ్ళు లేక మేస్త్రీలు మానేస్తున్నారు.

సరే. అక్క లోపలి పని మొదలుపెట్టే ముందు బయట తిరిగి చూసింది. చూరు నీళ్ళు గోడ మొదట్లోనే పడుతున్నాయి. అక్కడ గుంట పడింది. గుంటలో నీళ్ళు నిలిచి గోడ కిందికి దిగుతున్నాయి. ఆమె, భర్త కలిసి రెండు రోజులు కష్టపడ్డారు. గుంట పూడ్చారు. గోడకి దూరంగా నీళ్ళు పోయేలా నేల వాలు చేసి కాలువ తీశారు. ఈ పనికి పలుగు, పార, ఒళ్ళు తప్ప ఖర్చు లేదు. వానకి గదిలోకి నీళ్ళు వచ్చి నిలిచే ఇల్లయితే ఈ చెక్క నేల జోలికి పోవద్దు. ముందు నీళ్ళు ఆపాలి. నిలిచిన నీళ్ళని ఏ పట్టా ఆపలేదు.

ఇక లెక్క. అక్క రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. టేపు మీద అంగుళాలు చదవడం కుట్టుపనిలో ముందే వచ్చు. నోటుబుక్కు తీసి రాసుకుంది.

గది 12 అడుగులు, 10 అడుగులు. 12ని 10తో హెచ్చవేస్తే 120 చదరపు అడుగులు. ప్లైవుడ్ షీటు ఒకటి 8 అడుగులు, 4 అడుగులు. అంటే 32 చదరపు అడుగులు. 4 షీట్లు కలిస్తే 128. గదికి సరిపోతాయి. మిగిలేది 8 చదరపు అడుగుల ముక్క.

కింద పరిచే పట్టా గదికి సమానంగా ఉంటే చాలదు. నాలుగు గోడల వైపూ ఆరేసి అంగుళాలు పైకి మడవాలి. అంటే అటు అర అడుగు, ఇటు అర అడుగు. కాబట్టి 13 అడుగులు, 11 అడుగులు. పట్టా మందం 250 మైక్రాన్లు ఉండాలి. కొట్లో దాన్నే 1000 గేజి అంటారు. కూరగాయల సంచీ లాంటి పల్చనిది పనికి రాదు.

రీపుల లెక్క దగ్గర అక్క పొరపడింది. రీపు అంటే సన్నని పొడుగు చెక్క. 2 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల ఎత్తు. 16 అంగుళాలకి ఒకటి చొప్పున వేయాలని బాబాయి చెప్పాడు. గది పొడవు 12 అడుగులు, అంటే 144 అంగుళాలు. 144ని 16తో భాగిస్తే 9. అక్క 9 రీపులు అని రాసింది. బాబాయి నవ్వాడు.

"అమ్మా, దడికి గుంజలు పాతినావా ఎప్పుడైనా?"

"పాతకేం బాబాయ్?"

"మూడు సందులున్న దడికి గుంజలెన్ని?"

అక్క వేళ్ళు లెక్కపెట్టుకుంది. నాలుగు. సందుల కంటే గుంజలు ఒకటి ఎక్కువ. 9 సందులకి 10 రీపులు. 9 కొట్టేసి 10 రాసింది. షీటుకీ షీటుకీ అతుకు పడే చోట పొడుగు అంచు కింద కూడా ఆధారం కావాలి. లేకపోతే అక్కడ కాలు పెడితే కుంగుతుంది. అందుకోసం రీపుల మధ్య చిన్న చిన్న అడ్డముక్కలు బిగించాలి. రెండు అతుకు వరుసలు, వరుసకి 9 ముక్కలు. 18 ముక్కలు. ఒక్కో ముక్క 14 అంగుళాలు. దానికి ఇంకో 3 రీపులు. మొత్తం 13.

16 అంగుళాలే ఎందుకు, 18 ఎందుకు కాకూడదు అని అక్క అడిగింది. షీటు 4 అడుగులు అంటే 48 అంగుళాలు. మూడు పదహార్లు 48. షీటు 8 అడుగులు అంటే 96. ఆరు పదహార్లు 96. ఎక్కడ షీటు అయిపోతే అక్కడ సరిగ్గా కింద రీపు ఉంటుంది. బాబాయి బడికి పోలేదు. ఈ లెక్క వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్నాడు.

సరుకు కొనడానికి ఇద్దరూ పట్నం వెళ్ళారు. ప్లైవుడ్ అంటే పల్చని చెక్క పొరలు జిగురుతో అతికించిన పలక. పొరలు ఊడకుండా ఉండడం జిగురు మీద ఉంటుంది. షీటు మీద ముద్ర ఉంటుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు, దాని దగ్గర ఒక అంకె. 710 అని ఉంటే మెరైన్ ప్లైవుడ్. వేడినీళ్ళలో ఉడికించినా ఊడని జిగురు వాడతారు. 303 అని ఉంటే మామూలు వాడుకకి చేసినది. అదేమీ దొంగ సరుకు కాదు. పొడి గదిలో బీరువాకి బాగానే ఉంటుంది. కానీ 710 ధర తీసుకుని 303 ఇస్తే అది మోసం.

అక్క 710 కావాలంది. ధర మాట్లాడి డబ్బు కట్టింది. కుర్రాడు నాలుగు షీట్లు ఆటోలో ఎక్కిస్తున్నాడు. అక్క ఒక్కొక్క షీటు దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. మొదటిది 710. రెండోది 710. మూడోది 303.

"బాబూ, ఇది దింపు."

"అన్నీ ఒకటేనమ్మా. ఎంత నున్నగా ఉందో చూడు."

"నున్నదనం కాదు. అంకె చూడు."

"ఆ అంకెలు మీకెందుకమ్మా..."

"ఏడు, ఒకటి, సున్న. ఇక్కడేటుంది? మూడు, సున్న, మూడు. దింపు."

కొట్టు యజమాని గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు. కుర్రాడిని కసిరాడు. పొరపాటన్నాడు. పొరపాటో కాదో ఆయనకే తెలియాలి. నాలుగో షీటు కూడా 303నే. రెండూ మార్చి ఇచ్చాడు.

చెదల సంగతి మరిచిపోకూడదు. చెక్క అన్నాక చెద వస్తుంది. గచ్చులో పగుళ్ళు ఉంటే చెద అందులోంచే ఎక్కుతుంది. అక్క పగుళ్ళన్నీ సిమెంటుతో పూడ్చింది. గోడా గచ్చూ కలిసే మూల చుట్టూ చూసి అక్కడా పూడ్చింది. రీపులకి చెదల మందు పూయించింది. ఏ మందైనా డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు అన్నిటి కంటే ఎక్కువ విషం. మందు పూసేటప్పుడు చేతులకి తొడుగులు ఉండాలి. పిల్లలు దగ్గర ఉండకూడదు. ఖాళీ డబ్బా కడిగి ఉప్పు పోసుకునే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. ప్రాణం మీదికి వస్తుంది. పారెయ్యండి.

మార్చి నెల, ఎండలు మొదలయ్యాక పని పెట్టారు. గచ్చు శుభ్రంగా ఊడ్చారు. చిన్న రాయి ఉన్నా పట్టాకి బెజ్జం పడుతుంది. పట్టా పరిచారు. పట్టా రెండు ముక్కలు. ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కించి టేపు వేశారు. గోడల వైపు పైకి మడిచారు. దాని మీద రీపులు పేర్చారు. రసమట్టం పెట్టి చూస్తే ఒక మూల గచ్చు పల్లంగా ఉంది. అక్కడ రీపు కింద పల్చని చెక్క ముక్కలు పెట్టి ఎత్తు సరిచేశారు.

అప్పుడు బాబాయి పొడుగు మేకులు తీశాడు. రీపులని గచ్చుకి కొట్టేస్తానన్నాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"మేకు కొడితే పట్టాకి చిల్లు పడదా బాబాయ్?"

"పడతాది. చిన్నదే కదా."

"పది రీపులకి ఎన్ని చిల్లులు? కుండకి చిన్న చిల్లు పడితే నీళ్ళు కారవా?"

బాబాయి కొంచెం నొచ్చుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా చెక్కపని చేస్తున్నవాడు. కూర్చుని బీడీ ముట్టించబోతే, థర్మాకోల్ పక్కనే ఉందని అక్క అదీ వద్దంది. బయటికి వెళ్ళి కాల్చుకుని వచ్చాడు. వచ్చి, "కొట్టక్కర్లేదులే" అన్నాడు. రీపులన్నిటినీ పైన ప్లైవుడ్ కలిపి పట్టుకుంటుంది. అంతా ఒక పెద్ద పీటలాగ అయిపోతుంది. ఆ బరువుకి అది ఎక్కడికీ కదలదు. మంచం కాళ్ళకి ఎవరైనా మేకులు కొడుతున్నారా?

రీపుల సందుల్లో థర్మాకోల్ పెట్టారు. 2 అంగుళాల మందం. రీపు ఎత్తూ 2 అంగుళాలే కాబట్టి సమానంగా వచ్చింది. సందు 14 అంగుళాలు. రెండు చివరి సందులు కొంచెం తక్కువ వచ్చాయి. కొలిచి కోశారు. వదులుగా ఉంటే చలి ఆ సందులోంచి వస్తుంది. బిగువుగా కూర్చోవాలి. థర్మాకోల్ బదులు వరి ఊక పోస్తే చవక కదా అని భర్త అన్నాడు. ఊక చవకే. చలినీ ఆపుతుంది. కానీ చెమ్మ పీలుస్తుంది. పురుగు పడుతుంది. గింజ వాసనకి ఎలుకలు వస్తాయి. వద్దన్నారు.

మీద ప్లైవుడ్. మందం 19 మిల్లీమీటర్లు. అంటే ముప్పావు అంగుళం. ఒక్కో షీటు ఇద్దరు పడితే గాని లేవదు. జానెడుకి ఒక స్క్రూ బిగించారు. స్క్రూ పొడవు 2 అంగుళాలు. ప్లైవుడ్ ముప్పావు, రీపు 2, కలిపితే 2 అంగుళాల ముప్పావు. 3 అంగుళాల స్క్రూ వాడితే కింద పట్టా చిరుగుతుంది. గోడ చుట్టూ వేలు పట్టేంత సందు వదిలారు. వానాకాలంలో చెక్క కొంచెం ఉబ్బుతుంది. ఆ సందు లేకపోతే మధ్యలో పొంగి లేస్తుంది. సందు కనబడకుండా సన్నని అంచుబద్ద గోడకి కొట్టారు.

తలుపు పక్క మూల ఒక చిన్న ముక్క మాత్రం విడిగా వేయమంది అక్క. స్క్రూలు విప్పి తీయగలిగేలా. "ఎందుకూ?" అన్నాడు బాబాయి. "లోపలేటి అవుతుందో చూసుకోవద్దా?" అంది.

అన్నీ బాగానే జరిగాయి గాని ఒకటి అందరూ మరిచారు. సాయంత్రం పని అయ్యాక తలుపు వేయబోతే పడలేదు. తలుపు లోపలికి తెరుచుకునేది. నేల 2 అంగుళాల ముప్పావు పైకి లేచింది. తలుపు అడుగు చెక్కకి తగిలి ఆగిపోయింది. అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ రాత్రి మిషను ఉన్న గదికి తలుపు లేదు. భర్త గడప దగ్గర పడుకున్నాడు. మర్నాడు తలుపు ఊడదీసి అడుగున 3 అంగుళాలు కోశారు. ఇది ముందే చూసుకుంటే ఒక పూట కూలి మిగిలేది.

ఇస్త్రీ గురించి కూడా చెప్పాలి. అక్కది బొగ్గుల ఇస్త్రీపెట్టె. థర్మాకోల్‌కి నిప్పు తగిలితే క్షణాల్లో మండుతుంది. పొగ చాలా చెడ్డది. పైన చెక్క కప్పి ఉంది కాబట్టి మామూలుగా భయం లేదు. కానీ నిప్పు కణిక చెక్క మీద పడి, చూడకుండా వదిలేస్తే? అందుకని అక్క ఇస్త్రీబల్ల కింద ఒక నాపరాయి పలక వేసింది. బొగ్గులు రాజేయడం, బూడిద దులపడం గది బయటే. కరెంటు వైర్లు కూడా చెక్క కింద నుంచి పోనివ్వలేదు. గోడ మీదుగానే లాగించింది. మిషను ఇనుప కాళ్ళు చెక్కలో దిగకుండా కాళ్ళ కింద చిన్న పలకలు పెట్టింది. మిషను తొక్కితే మొదట్లో చప్పుడు కొంచెం ఎక్కువ వచ్చింది. పలకల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెడితే తగ్గింది.

జూన్‌లో వానలు పడ్డాయి. జూలైలో ముసురు పట్టింది. మళ్ళీ యూనిఫారాల పని వచ్చింది. ఈసారీ 40 జతలే. అక్క మూటలు చెక్క నేల మీద పీట వేసి పెట్టింది. పూర్తి నమ్మకం ఇంకా కుదరలేదు. ముసురు పట్టిన తొమ్మిదో రోజున మూలనున్న చిన్న ముక్క స్క్రూలు విప్పింది. అత్త దీపం పట్టుకుంది. థర్మాకోల్ ముక్క పైకి తీసి చేత్తో తడిమింది. పొడిగా ఉంది. రీపు పొడిగా ఉంది. పట్టా అంచు గోడ దగ్గర కొంచెం ఎత్తి చూస్తే దాని అడుగున నీటి బొట్లు, వరుసగా, ముత్యాల్లా. కింద తడి, పైన పొడి.

ఒక మూల థర్మాకోల్ మాత్రం కొరికి ఉంది. ఎలుక పంటి గాట్లు. తలుపు పక్క అంచుబద్ద దగ్గర సందులోంచి దూరినట్టుంది. అక్క ఇనుప జాలీ ముక్క కత్తిరించి ఆ సందులో కుక్కింది. మళ్ళీ స్క్రూలు బిగించింది. చేతులు కడుక్కుని వచ్చి మిషను దగ్గర కూర్చుంది. ఇంకా 16 జతలు కుట్టాల్సి ఉన్నాయి.